ఫైబర్ బానెట్ కూర్చోవట్లేదా? హింజ్ (కీలు) బోల్టులు విప్పే ముందు ఇవి చూడండి

ఇనుప బానెట్ మూల లేస్తే డెంటింగ్ మేస్త్రి కింద చెక్క ముక్క పెట్టి ఒక్క నొక్కు నొక్కుతాడు, దిగుతుంది. కార్వెట్, శాన్ స్టార్మ్ లాంటి ఫైబర్ (ఫైబర్‌గ్లాస్) బాడీ కార్లకు అదే నొక్కు నొక్కితే పగులుతుంది. నొక్కితే ఫైబర్ వంగి నిలవదు. తప్పు బానెట్‌లో ఉందా, బాడీలో ఉందా, బిగింపులో ఉందా అన్నది ముందు తేలాలి.

కొలత పొద్దుగాలే, నీడలోనే

ఫైబర్ ఇనుము కన్నా రెట్టింపు పైగా వ్యాకోచిస్తుంది. 120 సెం.మీ. బానెట్ 30 డిగ్రీలు వేడెక్కితే సుమారు 1 ఎం.ఎం. సాగుతుంది. నల్లగొండ మే ఎండలో బానెట్‌కూ బాడీకీ మధ్య మధ్యాహ్నం సరిచేసిన గ్యాప్ తెల్లారేసరికి ఉండదు. బండి నాలుగు టైర్ల మీద, గాలి సరిగ్గా పట్టి, చదును నేల మీద నిలబడాలి. జాకీ మీద కొలిచింది లెక్కలోకి రాదు.

లాక్ కొక్కెం విప్పండి, బానెట్ ఆనే రబ్బరు బఫర్లు పూర్తిగా కిందికి తిప్పండి, అంచు వెంట ఉన్న రబ్బరు బీడింగ్ పీకండి. బానెట్‌ను మెల్లగా దించి, 4 ఎం.ఎం. డ్రిల్ బిట్ కాడను గ్యాప్ పొడవునా జరపండి. ఇరుక్కున్న చోట, వదులైన చోట చాక్‌పీసుతో గీత పెట్టండి.

బానెట్ మొత్తం ఎత్తుగా ఉంది

పైవన్నీ తీశాక దిగిపోతే దోషం వాటిదే. ఎక్కువగా కొత్తగా వేసిన లావు బీడింగే కారణం. అయినా దిగకపోతే ఎయిర్ ఫిల్టర్ తగులుతున్నట్టు. గోధుమపిండి ముద్దను పాలిథిన్‌లో చుట్టి ఫిల్టర్ మీద పెట్టి బానెట్ మూసి తెరవండి. ముద్ద 10–12 ఎం.ఎం. మందం మిగలకపోతే, ఇంజన్ ఊగినప్పుడల్లా బానెట్‌కు దెబ్బే.

గ్యాప్ ఒక చివర వెడల్పు, ఇంకో చివర ఇరుకు

ఇది హింజ్ పని. హింజ్ చుట్టూ మాస్కింగ్ టేపు అంటించి పాత చోటు గుర్తు పెట్టుకోండి. బోల్టులు జరిగేంత మాత్రమే వదులు చేసి, ఒకసారికి ఒక్క హింజే జరపండి. హింజ్‌ల మధ్య 70 సెం.మీ. దూరం, బానెట్ పొడవు 120 సెం.మీ. అనుకుంటే, ఒక హింజ్‌ను 1 ఎం.ఎం. ముందుకు జరిపితే అవతలి చివర దాదాపు 1.7 ఎం.ఎం. పక్కకు పోతుంది. అందుకే అర ఎం.ఎం. చొప్పున చాలు. హింజ్ దగ్గర ఎత్తు తేడా ఉంటే షిమ్‌లు (పలుచని రేకు ముక్కలు) వేయండి. బోల్టు కింద వెడల్పు వాషర్ తప్పనిసరి. బోల్టు చుట్టూ నక్షత్రంలా సన్న పగుళ్లు కనిపిస్తే ఎవరో పానా మీద బలం చూపించారన్నమాట.

ఒక్క మూలే లేచింది

అసలు తలనొప్పి ఇక్కడే. బానెట్ విప్పి, కింద దిండ్లు వేసి బోర్లా పెట్టండి. మూల నుంచి ఎదురు మూలకు రెండు దారాలు బిగువుగా కట్టండి. మధ్యలో రెండూ అప్పుడే తగిలీ తగలనట్టు ఉంటే మెలిక లేదు. దారాల మధ్య 3 ఎం.ఎం. ఎడం ఉంటే ఒక మూల దాదాపు 6 ఎం.ఎం. తప్పినట్టు. పైదారం కిందిదారాన్ని నొక్కుతూ మోసం చేయొచ్చు కాబట్టి, కిందిదాన్ని పైకి మార్చి ఇంకోసారి చూడండి.

బానెట్‌లో మెలిక లేదంటే బాడీ మెలితిరిగింది. ఛాసిస్ మీది బాడీ రబ్బర్లు నలిగాయేమో, వాటి కింది షిమ్‌లు రాలాయేమో చూడండి. ఆ పని కాకుండా బానెట్ ముట్టడం దండగ.

బానెట్‌లోనే మెలిక ఉందంటే, చాలాసార్లు దాన్ని రేకుల షెడ్డులో గోడకు ఆనించి ఎండకాలమంతా వదిలేసి ఉంటారు. ఫైబర్‌ను పట్టి ఉంచే పాలిస్టర్ రెజిన్ వేడికి మెత్తబడి, వాలిన ఆకారంలోనే ఉండిపోతుంది. రెండో కారణం, లోపలి ఫ్రేమ్ పైపొర నుంచి ఊడటం. రూపాయి బిళ్లతో తట్టుకుంటూ పోండి. గట్టిగా టక్కుమన్నంతసేపు మంచిదే, డొల్ల మోత వచ్చిన చోట ఊడింది.

బానెట్‌ను బండి మీదే సరైన ఆకారంలో చెక్క చీలికలు, టేపుతో బిగించండి. లోపలి వైపు 60 నంబరు పేపరుతో నునుపు పోయేదాకా గీకి, అసిటోన్‌తో తుడవండి. ఊడిన అతుకు మీద చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే ఫైబర్ మ్యాట్ రెండు పొరలు, అటూ ఇటూ 5 సెం.మీ. దాటేలా వేయండి. రెజిన్ బరువు మ్యాట్‌కు రెండు నుంచి రెండున్నర రెట్లు. ముందు కోబాల్ట్ (గట్టిపడటాన్ని వేగం చేసేది) రెజిన్‌లో బాగా కలిశాకే క్యాటలిస్ట్ (గట్టిపరిచేది) 1 శాతం. కోబాల్ట్, క్యాటలిస్ట్ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోస్తే మంట, పేలుడు! ఎండకాలం కలిపిన రెజిన్ డబ్బాలోనే గడ్డకడుతుంది, 200 గ్రాముల చొప్పున కలపండి. ఒకేసారి మందంగా వేస్తే గడ్డకట్టేటప్పుడు పుట్టే వేడికి అతుకు గుర్తు పైపెయింట్‌లో తేలుతుంది. 24 గంటలు చీలికలు తీయొద్దు.

గ్యాప్ అంతటా వెడల్పే

అంచు తక్కువ పడింది. మ్యాట్ తునకలు కలిపిన రెజిన్‌తో అంచు పెంచి రుద్దండి. లప్పం మందంగా పెడితే బానెట్ రెండుసార్లు మూసేసరికే పెచ్చు లేస్తుంది.

నిలబడితే బాగుంది, స్పీడులో లేస్తోంది

కొక్కెం వదులు. బఫర్లు అంచు ఎత్తుకు తెచ్చి, కొక్కెం చివర గ్రీజు రాసి, లాక్‌లో గుర్తు నడుమ పడేలా జరపండి. లాక్‌తో గుంజి మూలను దించే తెలివి వద్దు, అక్కడే పగులుతుంది. తర్వాత జడ్చర్ల దగ్గర 44వ జాతీయ రహదారి మీద 40, 60, 80 స్పీడుల్లో చూసుకోవచ్చు. పెయింట్‌కు మాత్రం పది రోజులు ఆగండి. బండిని ఎండలో నిలిపి, ఓ పొద్దుగాల ఆ డ్రిల్ బిట్‌ను మళ్లీ గ్యాపంతా తిప్పాకే స్ప్రే గన్ పట్టండి.