డిస్కౌంట్ రేటు కనిపిస్తే ముందు విప్పి చూడండి

వాతావరణ మార్పు మీదో అణు వ్యర్థాల మీదో ఎవరైనా ఖర్చు, లాభాల లెక్క చూపిస్తే, చివర్లో ఉన్న మొత్తం చూసి తల ఊపేయకండి. డిస్కౌంట్ రేటు ఎంత వేశారో వెతకండి, అంటే ముందుముందు వచ్చే లాభనష్టాలను ఇవాళ్టి విలువకు మార్చేటప్పుడు ఏడాదికి ఎంత శాతం చొప్పున తగ్గిస్తున్నారో. ఏ ఫుట్‌నోట్‌లోనో నక్కి ఉంటుంది గానీ, ఫలితాన్ని చాలావరకు తేల్చేసేది అదే.

కాలిక్యులేటర్ తీయండి. 1.05ని వందసార్లు హెచ్చవేస్తే దాదాపు 131 వస్తుంది. అంటే 5 శాతం రేటు వేస్తే, వందేళ్ల తర్వాత జరిగే లక్ష నష్టానికి ఇవాళ్టి లెక్కలో విలువ 760. అదే 1.4 శాతం అయితే సుమారు 24,900. వరద అదే, మునిగే ఇళ్లూ అవే.

ఇప్పుడు ఆ రేటును రెండు ముక్కలు చేయండి. ఒకటి ఉత్త తొందర: ఆలస్యంగా వస్తుంది కాబట్టి తక్కువ. రెండోది, రేపటివాళ్లు మనకంటే ఉన్నవాళ్లవుతారు కాబట్టి వాళ్లకి అదే డబ్బు అంత పెద్ద విషయం కాదని. నేనూ మొదట్లో రెండూ ఒకటే అనుకుని పప్పులో కాలేశాను.

మొదటి ముక్కను డబ్బుతో కాదు, ప్రాణాలతో పరీక్షించండి. బ్రిటన్ ఆర్థికవేత్త నికొలస్ స్టెర్న్ వాతావరణ మార్పు మీద ఇచ్చిన 2006 నివేదికలో దానికి 0.1 శాతమే వేశారు, అదీ మనిషి జాతే అంతరించిపోయే అవకాశం ఉందని. అమెరికా ఆర్థికవేత్త విలియం నార్డ్‌హాస్ మార్కెట్ రాబడులకు సరిపోయేలా 1.5 శాతం వేశారు. ఈ 1.5 ప్రకారం ఇవాళ పోయే ఒక్క ప్రాణం, వందేళ్ల తర్వాత పోయే నాలుగు ప్రాణాలకంటే ఎక్కువ. ఎందుకయ్యా అంటే, వాళ్లు ఆలస్యంగా పుట్టారు, అంతే! పాతికేళ్ల బ్రిటిష్ గణితవేత్త ఫ్రాంక్ రామ్సే 1928లోనే ఇది నైతికంగా నిలబడదనీ, మన ఊహాశక్తి చాలకే ఇలా చేస్తామనీ రాశాడు, నాకైతే దానికి ఇప్పటికీ సరైన జవాబు కనిపించలేదు. మార్కెట్ వడ్డీనే వాడాలంటారు కొందరు, కానీ ఇంకా పుట్టనివాళ్లు ఆ మార్కెట్లో బేరమాడలేరు కదా.

మొదటి ముక్కకు సున్నా వేస్తే భవిష్యత్తు కోసం ఇప్పటివాళ్లు కడుపు మాడ్చుకోవాలా అన్న ప్రశ్న మాత్రం న్యాయమైనదే. దానికి జవాబు రెండో ముక్కలో వెతకాలి. అక్కడ మీరు అడగాల్సింది: ధనవంతులయ్యేది ఎవరు, నష్టపోయేది ఎవరు? సగటున ఆదాయం పెరిగినా, మునిగిపోయేవాళ్లు ఇప్పటికంటే పేదలైతే వాళ్ల విషయంలో ఈ ముక్క సున్నా కిందికి పోతుంది.

రేటు ఎప్పటికీ ఒకటే ఉండాలనీ లేదు, బ్రిటన్ ప్రభుత్వ మార్గదర్శకాల్లో 3.5 శాతంతో మొదలై 30 ఏళ్ల తర్వాత మెట్టుమెట్టుగా తగ్గుతుంది.

ఆఖరున, అదే లెక్కను 1.4తో ఒకసారి, 5తో ఒకసారి వేయించండి. జవాబు తిరగబడితే, ఆ రేటు ఎవరు పెట్టారో, రెండు ముక్కలకూ విడివిడిగా ఎంతెంత వేశారో రాసిమ్మనండి.