ఫిషింగ్ హార్బర్ ఇంటర్వ్యూలో గాలి రొద: ఇలా తగ్గించాను

విశాఖ ఫిషింగ్ హార్బర్ జెట్టీ మీద రికార్డు చేసిన మాటల నిండా గుబగుబమని గాలి. గాలి నేరుగా మైకు పొరను తోసినప్పుడు పుట్టే ఈ రొద ఎక్కువగా కింది ఫ్రీక్వెన్సీల్లోనే ఉంటుంది.

ఎడిటింగ్‌లో, కింది ఫ్రీక్వెన్సీలను కోసేసే హై పాస్ ఫిల్టర్‌ను 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి, వింటూ 100 దాకా జరిపాను. ఇంకా పైకి పోతే మగగొంతు డబ్బాలోంచి వచ్చినట్టు పల్చబడుతుంది. మిగిలిన రొదను తగ్గించే నాయిస్ రిడక్షన్‌ను 6 డెసిబెల్స్‌తో ఆపాను. ఎక్కువ పెడితే అలల చప్పుడు ముక్కలుముక్కలుగా విరిగి చెవికి ఇబ్బంది. శబ్దం హద్దు దాటి పీక్ (అత్యధిక స్థాయి) పగిలిన చోట ఏ ఫిల్టరూ పనిచేయదు, ఆ వాక్యాలు తీసేయాల్సిందే.

అసలు మందు రికార్డింగ్‌లోనే ఉంది. ఫోమ్ తొడుగు నోటి ఊపిరిని ఆపుతుంది గానీ సముద్రపు గాలికి చాలదు, బొచ్చు తొడుగు కావాలి. మాట్లాడే మనిషిని గాలికి వీపు పెట్టి నిలబెట్టండి. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కగా. రికార్డర్ మీటర్‌లో పీక్‌లు మైనస్ 12 డెసిబెల్స్ దాటకూడదు. కదిలేముందు ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం హార్బర్ చప్పుడు విడిగా తీసుకోండి. ఎడిటింగ్‌లో మాటలు కోసి అతికిన చోట్ల కింద పరవడానికి అదే దిక్కు. వెనకాల చేపల వేలం కేక మధ్యలో తెగితే వినేవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది.