సెగ తగలకుండా పొగబెట్టే చెక్కపెట్టె

కోల్డ్ స్మోకర్ అంటే తిండికి పొగ రుచి పట్టించే పెట్టె, వండే పొయ్యి కాదు. తిండికి పొగ తగలాలి, సెగ తగలకూడదు. లోపల 30 డిగ్రీలు దాటిందంటే చీజ్ నూనె కక్కుతుంది. కాబట్టి అనంతపురం, కర్నూలు, కడప వైపు డిసెంబరు, జనవరి రాత్రులే దీనికి అదను. ఎండాకాలం పొగబెట్టడం మానుకుని, పెట్టె చేసుకోండి. అప్పుడు చెక్క బాగా ఎండి ఉంటుంది. వానాకాలంలో బిగించిన పలకలు ఎండలకు ముడుచుకుని సందులిస్తాయి.

ముప్పావు అంగుళం మందం, 6 అంగుళాల వెడల్పు ఉన్న మామిడి పలకలు తెచ్చుకోండి. ప్లైవుడ్ వద్దు, అందులో జిగురు ఉంటుంది. పాత ప్యాకింగ్ చెక్క వాడేటట్టయితే దాని మీద ముద్ర చూడండి: ‘హెచ్‌టీ’ అంటే వేడితో శుద్ధి చేసింది, ‘ఎంబీ’ అంటే విషవాయువు పట్టించింది. రెండోది ముట్టుకోవద్దు.

పక్క గోడలకు 18 అంగుళాల ముక్కలు 12, వెనక గోడకు 19న్నర అంగుళాలవి 6, తలుపుకు అవే కొలతవి మరో 6, కప్పుకు 24 అంగుళాలవి 4. లెక్కకు 45న్నర అడుగులు వస్తుంది, తరుగు కలుపుకుని 50 కొనండి. మూలలకు అంగుళంన్నర చదరపు రీపర్లు 3 అడుగులవి నాలుగు కావాలి. లోపల తిండి పెట్టే వెదురు తడికల ఆనుపట్టీలకు, తలుపు అడ్డపట్టీలకు ఇంకో 12 అడుగులు.

ముందు రెండు రీపర్లను నేల మీద పరిచి, వాటి మీద 6 పలకలు అడ్డంగా కొట్టి ఒక పక్క గోడ చెయ్యండి. ఇంకోటీ అలాగే. పలకకూ పలకకూ మధ్య పోస్టుకార్డు దూరేంత సందు వదలండి, లేకపోతే వానలకు ఉబ్బి ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి. ఆ సందులోంచి కారే పొగ లెక్కలోకి రాదు. ఎండిన చెక్క చివర్లో మేకు దిగితే పగులుతుంది. బర్మాతో సన్న బెజ్జం పెట్టి, మేకు మొనను సుత్తితో ఒక దెబ్బ కొట్టి మొద్దు చేసి దించండి. మొద్దు మొన నారను చీల్చదు, నలిపేసుకుంటూ పోతుంది. రెండు గోడలనూ నిలబెట్టి వెనక పలకలు, పైన కప్పు కొట్టాక, తలుపును బందులతో వేలాడదీయండి. తలుపు లోపలి అడ్డపట్టీలు 14 అంగుళాలు దాటితే రీపర్లకు తగిలి తలుపు పడదు. మూలమట్టం పెట్టకుండా కంటి అంచనాతో పోతే తలుపు దగ్గరే దొరికిపోతారు.

పెట్టెకు అడుగున పలకలు కొట్టొద్దు. రెండడుగుల చదరపు కడప బండ మీద పెట్టెను నిలబెడితే చాలు, నిప్పు పడినా భయం లేదు. పక్కగోడల అడుగు పలకల్లో అంగుళం బెజ్జాలు రెండేసి, వెనక గోడ పై పలకలో 2 అంగుళాల బెజ్జం ఒకటి పెట్టండి. పెద్దదానికి గుండ్రంగా గీత గీసి, బర్మాతో వరసగా పొడిచి, ఉలితో తీసి, ఆకురాయితో నునుపు చెయ్యాలి. ఒక మేకు మీద తిరిగే చెక్కబిళ్ల దానికి మూత. లోపల వార్నీషు, రంగు ఏదీ తగలకూడదు.

పొగ పుట్టేది రంపపు పొట్టుతో. సన్న స్టీలు జాలీతో (జింకు పూత జాలీ వద్దు) 8 అంగుళాల చదరపు పళ్లెం చేసి, అందులో అంగుళంన్నర ఎత్తు జాలీ గోడలతో చుట్టలు తిరిగే దారి పెట్టండి. పక్కపక్క దారుల మధ్య రెండు గోడలు, వాటి మధ్య అర అంగుళం ఖాళీ ఉండాలి. ఒకే గోడ అయితే నిప్పు అవతలి దారికి దూకి, రెండు చోట్ల రాజుకుని వేడి పెరుగుతుంది. మామిడి, జామ, చింత పొట్టు బాగుంటుంది. సామిల్లులో కుప్ప నుంచి ఎత్తుకొస్తే ప్లైవుడ్ పొడి కలిసి ఉంటుంది. రంపం కిందే పట్టుకోండి. ఒకరోజు ఎండబెట్టాలి, తడి పొట్టు సగంలో ఆరిపోతుంది. దారి నిండా పొట్టు పోసి, ఒక చివర కింద కొవ్వొత్తి పెట్టి, పొట్టు ఎర్రబారాక తీసెయ్యండి. పళ్లేన్ని పెట్టె లోపల, బండ మీద రెండు ఇటుక ముక్కలపై పెట్టండి. మొదటి తడిక దానికి అడుగున్నర పైన ఉండాలి.

మొదటి రెండు విడతలూ ఖాళీ పెట్టెకే పొగ పట్టించండి. ఆ తర్వాత వెదురు తడికల మీద ఎండుమిర్చి, వేయించిన వేరుశనగ, కల్లుప్పు, గట్టి చీజ్ పెట్టుకోవచ్చు. చీజ్‌కు 3, 4 గంటలు చాలు. తీసి చుట్టి, ఫ్రిజ్‌లో వారం ఉంచితే ఘాటు సర్దుకుంటుంది. మాంసం, చేపలు మాత్రం వద్దు. ఈ పొగ వాటిని ఉడికించదు, సూక్ష్మజీవులకు మాత్రం గోరువెచ్చని చోటు ఇస్తుంది.

రుచి చేదెక్కితే, కప్పు కింద నల్లటి జిగురు బొట్లు కడితే, పై బెజ్జం మూసి ఉందన్నమాట. పొగ నిలవకూడదు, సన్నగా పోతూ ఉండాలి. ఇంట్లోనూ, తలుపులు మూసిన కొట్టంలోనూ పెట్టకండి; వరండా చివరైనా, చెట్టు కిందైనా సరే.