వంపు రాగానే ఇంజన్ మొరాయిస్తుంటే

మోడల్ రైలింజన్ తిన్నని పట్టాల మీద బుద్ధిగా పోతుంది. వంపు రాగానే మూలుగుతుంది, నెమ్మదిస్తుంది, ఒక్కోసారి పట్టా దిగి పక్కకు ఒరుగుతుంది. అప్పుడు మనలో చాలామంది చేసే మొదటి పని స్క్రూడ్రైవర్ పట్టుకుని ఇంజన్ విప్పడం. దయచేసి ఆ పని చివరికి ఉంచండి. విప్పకుండానే తెలిసేది చాలా ఉంది.

ముందు ఆ వంపు ఎంత ఇరుకో ఒప్పుకుందాం. మన ఇళ్లలో లేఅవుట్, అంటే పట్టాలు పరిచే బల్ల, సాధారణంగా ఎనిమిది బై నాలుగు అడుగుల ప్లైవుడ్ షీటు. నాలుగడుగుల వెడల్పులో హెచ్ఓ (అసలు రైలులో 87వ వంతు ఉండే మోడల్ సైజు) లూప్ తిప్పాలంటే 18 అంగుళాల వ్యాసార్ధం, అంటే 457 మి.మీ. అంచుల దాకా లాగితే 22 అంగుళాలు. మన బ్రాడ్‌గేజ్ మెయిన్ లైన్ మీద అనుమతించే అతి ఇరుకు వంపు 10 డిగ్రీలు, అంటే 175 మీటర్ల వ్యాసార్ధం. 1:87 స్కేల్లో అది రెండు మీటర్లు అవుతుంది. మనం వేసే 18 అంగుళాల వంపు అసలు రైల్వేలో 40 మీటర్ల వంపుతో సమానం. అలాంటి చోటికి నిజమైన డబ్ల్యూఏపీ-7ను, అంటే ఆరు ఇరుసుల కరెంటు ఇంజన్‌ను, ఎవరూ తీసుకెళ్లరు. మనం మాత్రం రోజూ తిప్పుతాం.

అందుకే కాస్త నెమ్మదించడం జబ్బు కాదు. ఇరుసుకి రెండు చక్రాలూ బిగించి ఉంటాయి, రెండూ కలిసే తిరగాలి. 16.5 మి.మీ. గేజ్ (రెండు పట్టాల మధ్య ఎడం) మీద సగం చుట్టు తిరిగేసరికి బయటి పట్టా లోపలి పట్టా కంటే 52 మి.మీ. పొడవుంటుంది, వంపు పెద్దదైనా చిన్నదైనా అంతే. ఆ తేడాలో చాలా భాగాన్ని చక్రాలు జారుతూ సరిపెట్టుకోవాలి. ఇరుకు వంపులో ఆ జారుడంతా కొద్ది దూరంలోనే జరుగుతుంది కాబట్టి మోటారుకి భారం తెలుస్తుంది. వంపంతా ఒకే తీరుగా కొంచెం తగ్గి, బయటికి రాగానే మళ్లీ అందుకుంటే ఏమీ చేయక్కర్లేదు.

మాటల్లో ఒక చిక్కు ఉంది, ఇక్కడే తేల్చుకుందాం. మనం ‘బోగీ’ అంటే ప్రయాణికుల పెట్టె. రైల్వే వాళ్ల బోగీ మాత్రం పెట్టె కింద చక్రాలుండే చట్రం. గందరగోళం లేకుండా ఈ వ్యాసంలో దాన్ని ‘ట్రక్’ అంటాను.

ఒకే చోటా, వంపంతానా?

పెట్టెలన్నీ విప్పేసి ఇంజన్ ఒక్కదాన్నే బాగా నెమ్మదిగా నడపండి. ఎక్కడ తడబడితే అక్కడ పట్టా పక్కన పెన్సిల్‌తో గీత పెట్టండి. నాలుగైదు చుట్లు తిరిగాక గీతలన్నీ ఒకే చోట పడితే అనుమానం పట్టా మీద. చెదిరిపోయి ఉంటే అనుమానం ఇంజన్ మీద. తర్వాత ఇంజన్‌ను ఎత్తి, ముందు వెనక మార్చి పెట్టి మళ్లీ నడపండి. ఇప్పుడూ అదే గీత దగ్గర ఆగితే ఇక పట్టానే. ఎడమ వంపుల్లో బాగుండి కుడి వంపుల్లోనే ఇబ్బంది పడుతుంటే ఇంజన్ లోపల ఒకవైపు ఏదో తగులుతోందన్నమాట. మరో ఇంజన్ ఉంటే దాన్నీ తిప్పి చూడండి. ఈ పరీక్షలకు అరగంట చాలు. దీన్ని దాటేసి నేను ఒక ఆదివారమంతా పోగొట్టుకున్నాను, ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఒకే చోట ఆగుతోంది, లైట్లు కూడా మసకబారుతున్నాయి

ఇది కరెంటు సమస్య. పట్టా ముక్కల్ని కలిపే జాయినర్లు కాలం గడిచేకొద్దీ వదులవుతాయి. వంపులో పట్టా బయటికి తన్నుకుంటూ ఉంటుంది కాబట్టి అక్కడివి ముందే వదులవుతాయి. మల్టీమీటర్ ఒక్కటే పెట్టి కొలిస్తే 12 వోల్టులూ చక్కగా చూపిస్తుంది, మనం మోసపోతాం. ఇంజన్ అక్కడ నడుస్తుండగా కొలవాలి. కంట్రోలర్ దగ్గర ఒకసారి, గీత దగ్గర ఒకసారి చూడండి. గీత దగ్గర వోల్టు, రెండు వోల్టులు పడిపోతుంటే దోషం జాయినర్‌దే. దాన్ని నొక్కి బిగిస్తే వారం పనిచేస్తుంది. సరైన మందు ఏమిటంటే వంపు మధ్యలో పట్టాలకు కింది నుంచి రెండు వైర్లు సోల్డర్ చేసి నేరుగా కంట్రోలర్‌కి కలపడం.

వోల్టేజ్ బాగుండి కూడా లైట్లు మినుకుమంటుంటే మురికి. చక్రాలనూ పట్టాలనూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడవండి. సెల్‌ఫోన్ రిపేర్ షాపులకు సామాన్లమ్మే చోట ఐపీఏ అని అడిగితే ఇస్తారు. గరుకు కాగితం వద్దు, అది చేసిన గీతల్లోనే మళ్లీ మురికి చేరుతుంది. కొన్ని ఇంజన్లలో ఒకటి రెండు చక్రాలకు పట్టు కోసం రబ్బరు రింగులుంటాయి. ఆ చక్రాలు కరెంటు తీసుకోవు కాబట్టి మిగతావి ఇంకా శుభ్రంగా ఉండాలి. రింగు సాగి వదులైనా ఇంజన్ వంపులో తూలుతుంది, మార్చేయండి.

ఒకే చోట పట్టా తప్పుతోంది

చెంపను ప్లైవుడ్‌కి ఆనించి, ఒక కన్ను మూసి, పట్టా వెంబడి చూడండి. వంపు ఒకే గుండ్రంగా సాగిపోవాలి. రెండు ముక్కలు కలిసే చోట మోచేయిలా విరిగినట్టు కనిపిస్తే అక్కడే మీ సమస్య. ఫ్లెక్స్ ట్రాక్, అంటే కావలసినట్టు వంచుకునే పొడవాటి పట్టా, వేసేవాళ్లకు ఇది మరీ మామూలు. వంచిన తర్వాత కలిపితే చివర్లు తిన్నగా అవ్వాలని తన్నుకుంటాయి. రెండు ముక్కల్ని ముందు తిన్నగా పెట్టి, సోల్డర్ చేసి, ఆ తర్వాత వంచితే కీలు దగ్గర కూడా గుండ్రం నిలుస్తుంది.

వర్షాకాలంలో ప్లైవుడ్ తేమ పీల్చి ఉబ్బుతుంది, ఒక మూల లేస్తుంది. జూన్ దాకా బాగున్న వంపు ఆగస్టులో పాడైందంటే చిన్న స్పిరిట్ లెవెల్ అడ్డంగా పెట్టి చూడండి. మెలిక తిరిగిన పట్టా మీద ఆరు చక్రాల ట్రక్‌కి ఒక చక్రం గాల్లోనే ఉంటుంది. పల్లంగా ఉన్న చోట స్లీపర్ల కింద విజిటింగ్ కార్డు ముక్కలు దోపితే సరిపోతుంది.

ఎక్కడ పడితే అక్కడ పట్టా తప్పుతోంది

వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే కాలిపర్) తీసుకుని ప్రతి ఇరుసు మీదా రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం కొలవండి. హెచ్ఓలో అది 14.4 నుంచి 14.6 మి.మీ. మధ్య ఉండాలి. ఒక ఇరుసు మాత్రం తేడాగా ఉంటే, దాని మధ్యలోని ప్లాస్టిక్ గేర్‌ని భూతద్దంతో చూడండి. పాత ఇంజన్లలో ఆ గేర్ సన్నగా చీలుతుంది, చక్రాలు పక్కలకు జరుగుతాయి, నడిచేటప్పుడు టక్ టక్‌మని ఒకే లయలో చప్పుడొస్తుంది. అతికించే ప్రయత్నం చేయకండి, కొత్త గేర్ వేయండి.

ఆరు చక్రాల ట్రక్‌లో మధ్య ఇరుసుకి పక్కలకు కాస్త ప్లే ఉండాలి. వేలితో నెడితే అటూ ఇటూ కదలాలి. జుట్టు, కార్పెట్ నూలు, గట్టిపడిన గ్రీజు చేరితే ఆ ప్లే పోతుంది, ఇరుకు వంపులో చక్రం పట్టా ఎక్కేస్తుంది. డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్ మోడల్ ఉన్నవాళ్లకు ఇంకో హెచ్చరిక. అసలు ఇంజన్‌లో ట్రక్ మూడు ఇరుసుల మధ్య ఎడం సమానంగా ఉండదు, మంచి మోడల్‌లోనూ అంతే. శుభ్రం చేయడానికి విప్పేముందు ఏ వైపు ముందో మార్కర్‌తో గుర్తు పెట్టండి. తిరగేసి బిగిస్తే తిన్నని పట్టా మీద ఏమీ తెలియదు.

వంపంతా మూలుగుతోంది, వేడెక్కుతోంది

ఇప్పుడు ఇంజన్ మీద చెయ్యి వేయవచ్చు. స్పాంజి మీద వెల్లకిలా పడుకోబెట్టి, చక్రాలకు రెండు వైర్లతో కరెంటిచ్చి, తిరుగుతుండగా ఒక్కో ట్రక్‌ను వేలితో అటూ ఇటూ తిప్పండి. ట్రక్కుల మధ్య దూరం 13 సెం.మీ. ఉన్న ఇంజన్ 18 అంగుళాల వంపులో పోవాలంటే ఒక్కో ట్రక్ ఎనిమిది డిగ్రీలైనా తిరగాలి. ఏ కోణంలో మోటారు గొంతు మారుతుందో చెవికి తెలిసిపోతుంది.

అక్కడ ఏం తగులుతోందో వెతకాలి. మెట్లు, నిచ్చెన, బ్రేకు పైపు లాంటి అలంకార భాగాలు చాలాసార్లు దోషులు. రాపిడి జరిగిన చోట రంగు లేచిపోయి ఉంటుంది. బాడీ తీసేసి నడిపితే బాగుండి, వేస్తే మూలిగితే ఇదే. చిన్న ఆకురాయితో అర మిల్లీమీటరు అరగదీస్తే పోతుంది. బాడీ లేకున్నా మూలిగితే మోటారు నుంచి గేర్లకు వెళ్లే షాఫ్ట్ చూడండి. దాని రెండు చివర్లా ఉండే కీళ్లు లోపలికీ బయటికీ జారాలి. పొడవు సరిపోని షాఫ్ట్ వంపులో ఊడిపోతుంది, ఎక్కువైతే గేర్ పెట్టెను తోస్తుంది.

ఇక నా ఆదివారం కథ. డీకోడర్ (డిజిటల్ కంట్రోల్ కోసం ఇంజన్ లోపల పెట్టే చిన్న సర్క్యూట్) పెట్టాక నా ఇంజన్ కుడి వంపుల్లో మొండికేసింది. గేర్లు కడిగాను, గ్రీజు మార్చాను, మోటారు బ్రష్‌ల దాకా పోయాను. చివరికి తేలిందేమిటంటే, ట్రక్ నుంచి పైకొచ్చే ఎర్ర వైర్‌ను నేనే పొట్టిగా కత్తిరించి సోల్డర్ చేశాను. కుడికి తిరిగినప్పుడల్లా అది పగ్గంలా వెనక్కి లాగుతోంది. సన్నటి మెత్తటి వైర్, రెండు సెంటీమీటర్లు అదనంగా వేస్తే పది నిమిషాల్లో బాగైంది. డీకోడర్ పెట్టిన తర్వాతే జబ్బు మొదలైతే ముందు వైర్లే చూడండి.

నూనె విషయంలో: ప్లాస్టిక్‌ను తినని పలుచటి నూనె, గుండుసూది మొనతో ఒక్క చుక్క. ఎక్కువైతే చక్రాల మీదికి కారి పట్టు పోతుంది. కొబ్బరినూనె అసలొద్దు, డిసెంబర్‌లో గేర్ల మధ్యే గడ్డకడుతుంది.

ఇంజన్ ఒక్కటే బాగుంది, పెట్టెలు తగిలిస్తే గొడవ

పొడవు లెక్క చూడండి. నిజమైన ఎల్‌హెచ్‌బీ పెట్టె (ఇప్పటి కొత్త రకం ప్రయాణికుల పెట్టె) దాదాపు 23.5 మీటర్లు, హెచ్ఓలో 27 సెం.మీ. పొడవైన పెట్టెకు కనీసం మూడు రెట్ల వ్యాసార్ధం ఉంటే హాయిగా నడుస్తుందని అభిరుచిపరులు అనుసరించే లెక్క. అంటే 81 సెం.మీ. కావాలి. మన దగ్గరున్నది 46. అందుకే కప్లింగ్ పక్కకు లాగి ఇంజన్ చక్రాన్ని లేపేస్తుంది. కప్లింగ్‌ను పెట్టె అడుగుకి కాకుండా ట్రక్‌కే బిగించి ఉంటే కొంత నయం. తేలిక పెట్టెల్ని ముందు, బరువైనవి వెనక పెట్టకండి, వంపులో తేలికవి లోపలికి పడిపోతాయి. ఎడమ వంపు వెంటనే కుడి వంపు వస్తే మధ్యలో ఒక పెట్టె పొడవంత తిన్నని పట్టా వేయండి.

ఇన్ని చేసినా డబ్ల్యూఏపీ-7 ఆ లూప్‌లో ఇబ్బంది పడుతుంటే దాన్ని బయటి 22 అంగుళాల లూప్‌లోకి మార్చండి. లోపలి లూప్‌కి నాలుగు ఇరుసుల డబ్ల్యూఏపీ-5 లాంటి ఇంజన్, వెనక బాక్స్‌ఎన్ బొగ్గు వ్యాగన్లు పెట్టండి. ఆ వ్యాగన్ హెచ్ఓలో 12 సెం.మీ. పైచిలుకు మాత్రమే, 18 అంగుళాల వంపు దానికి ధారాళంగా సరిపోతుంది.