బడికి సెలవులిచ్చేలోపే: ఆడపిల్లలకు కోత పడకుండా జాగ్రత్తలు

ఏప్రిల్ చివర బడులు మూస్తే మళ్లీ తెరిచేది జూన్‌లోనే. ఆడపిల్లల మర్మాంగాన్ని కోసే ఆచారం ఉన్న ఇళ్లలో చాలాసార్లు ఆ పని సెలవుల్లోనే పెట్టుకుంటారు, బడి తెరిచేసరికి పుండు మానుతుందని. ప్రసూతి వార్డులో నర్సుగా పనిచేస్తున్న నాకు అందుకే ఏటా మార్చి నుంచే టెన్షన్.

హైదరాబాద్‌లో ఇలాంటివి ఉండవనుకోకండి. టోలీచౌకి వైపు చదువుకో, వైద్యానికో వచ్చిన సోమాలియా, సూడాన్ వాళ్లు చాలామంది ఉంటారు. సోమాలియాలో పెద్దవయసు ఆడవాళ్లలో దాదాపు అందరికీ ఈ కోత జరిగింది. మన దేశంలోనూ కొన్ని దావూదీ బోహ్రా (ముస్లింలలో ఒక శాఖ) కుటుంబాల్లో ఏడేళ్ల ప్రాయంలో 'ఖత్నా' పేరుతో ఈ కోత చేస్తారు. దాన్ని ఆపాలని పోరాడుతున్నదీ ఆ ఇళ్ల ఆడవాళ్లే.

"నాకు ఫంక్షన్ చేస్తారట, ఎవరికీ చెప్పొద్దన్నారు" అని పిల్ల అంటే టీచర్లు తేలిగ్గా తీసుకోవద్దు. తల్లిని విడిగా పిలిచి నెమ్మదిగా అడగండి. అత్తగారి మాట దాటలేని తల్లికి "డాక్టర్ వద్దన్నారని చెప్పమ్మా" అన్న ఒక్క మాట కూడా ఊతమవుతుంది. ప్రమాదం ఉందనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. పేరో ముఖమో చూసి మాత్రం ఎవరినీ అనుమానించకండి. ప్రత్యేక చట్టం లేకపోయినా, పిల్లలపై లైంగిక నేరాల చట్టం (పోక్సో) కింద ఇది నేరమేనని కేంద్రం సుప్రీంకోర్టులో చెప్పింది.

"డాక్టర్‌తో చేయిస్తే ఏం కాదు కదా" అని నన్ను అడిగినవాళ్లున్నారు. అవుతుంది. చీము పట్టే భయం కొంత తగ్గొచ్చేమో గానీ తెగిన నరం తిరిగి రాదు. ఈ కోతలో ఏ రకానికీ ఆరోగ్యపరంగా ఒక్క లాభం కూడా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో తేల్చింది.

ఒకవేళ జరిగిపోతే, శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టి ఆసుపత్రికి తీసుకెళ్లండి. పసుపు, కాఫీపొడి అద్దొద్దు. రక్తం ఆగకపోయినా, మూత్రం రాకపోయినా, జ్వరం వచ్చినా క్షణం ఆలస్యం చేయొద్దు. ఒకే బ్లేడుతో ఇద్దరు ముగ్గురు పిల్లల్ని కోసి ఉంటే ఆ సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పాలి. హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ ఆ దారిలో పాకగలవు. హెచ్ఐవీ రాకుండా వేసే మందు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి. ధనుర్వాతం ఇంజెక్షన్ కూడా అడగండి.

చిన్నప్పుడు కోత పడి ఇప్పుడు పెద్దవాళ్లయిన ఆడవాళ్ల గురించే ఎక్కువ చెప్పాలి. మచ్చ కట్టిన చర్మం సాగదు. కలయికలో చిట్లుతుంది, చిట్లిన చోట సుఖవ్యాధులు సులువుగా ప్రవేశిస్తాయి. గాంబియాలో జరిగిన ఒక అధ్యయనంలో కోత పడిన ఆడవాళ్లలో హెర్పిస్, యోనిలో బాక్టీరియా ఇన్‌ఫెక్షన్ ఎక్కువగా కనిపించాయి. హెచ్ఐవీ విషయంలో మాత్రం అధ్యయనాలన్నీ ఒకే మాట చెప్పడం లేదు. ఇంకో చిక్కు ఏంటంటే, మంట, నొప్పి, తెల్లబట్ట వాళ్లకు ఏళ్లుగా ఉన్నవే. కొత్తగా రోగం వచ్చినా పాత బాధేననుకుంటారు. కాబట్టి లక్షణాల కోసం చూడకుండా పరీక్ష చేయించుకోండి. ప్రభుత్వాసుపత్రుల్లోని ఐసీటీసీల్లో (సలహా, పరీక్ష కేంద్రాల్లో) హెచ్ఐవీ పరీక్ష ఉచితం. లోపలి పరీక్ష కష్టమైతే మూత్రంతో, రక్తంతో చేసేవి అడగండి. కండోమ్‌తో పాటు జెల్ కూడా వాడాలి. కోసి యోని ద్వారాన్ని కుట్టేసి ఉంటే పెళ్లినాడు ఇంట్లో బ్లేడుతో విప్పే ప్రయత్నం ఎవరూ చేయొద్దు. అది డాక్టర్ చేయాల్సిన చిన్న ఆపరేషన్.

గర్భం వస్తే మొదటి చెకప్‌లోనే చెప్పడం మంచిది. ఒకసారి నొప్పులతో వచ్చిన ఒకామెకు మూత్రం గొట్టం వేయబోతే దారే దొరకలేదు. బాత్రూంకి పంపిస్తే పావుగంట లోపలే ఉంది, చుక్క చుక్కగా చప్పుడు వినిపిస్తోంది. బయటకొచ్చి పడుకోగానే ఒకరి తర్వాత ఒకరు వచ్చి చూశారు. ఆమె దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. ఆ రోజు నేనూ నోరు విప్పలేదు.

నాతోటి నర్సులకు చెప్పేదిదే. చూడాల్సినవాళ్లు ఒక్కరే చూడండి. మాట తర్జుమా చేయడానికి భర్తను కాకుండా వేరే ఆడమనిషిని పిలవండి. ముందు తలుపు వేసి, దుప్పటి మోకాళ్ల దాకా కప్పి, అప్పుడు అడగండి.