మొదటి ట్రయాథ్లాన్ అయిపోయాక మళ్ళీ కదలబుద్ధి కావట్లేదా? ఇట్టా చేయండి

ఈత, సైకిల్, పరుగు వరసగా చేసే ఆ రేసు అయి మూడు వారాలు దాటింటాది. మెడల్ హాల్లో టీవీ పక్కన మేకుకి వేలాడుతుంటాది, సైకిల్ వరండాలో దుమ్ము కొట్టుకుని ఉంటాది, అప్పుడొస్తాది ఫోన్, "అన్నా, కాళ్ళు బాగానే ఉండాయి, మనసే రావట్లా" అని. ప్రతి సీజన్ తర్వాతా ఇదే ఫోన్, నేను చెప్పేదీ ఒకటే. సరే సరే అని తలూపి, పోయి సరిగ్గా వద్దన్నదే చేసి, మోకాలు పట్టుకుని మళ్ళీ నా దగ్గరికే వస్తారు. ఇంక ఫోన్లో చెప్పే ఓపిక లేదు, అందుకే రాసి పెడుతున్నా.

ముందు ఒక సంగతి. మీకు కొత్తగా బద్ధకమేం పట్టలా. ఇన్ని నెలలు ప్లాన్ చెప్పింది, మీరు చేశారు, మంగళవారం ఈత, గురువారం పరుగు, ఆదివారం సైకిల్ దిగంగానే మళ్ళీ పరుగు, లేవాలా వద్దా అని ఆలోచించే పనే పడలా. రేసు మర్నాటికి ఆ కాగితం అయిపోయింది. ఇప్పుడు రోజూ పొద్దున మీరే తేల్చుకోవాలి, అదీ దుప్పటి కప్పుకుని, ఫ్యాన్ కింద పడుకుని. అట్టా అడిగితే ఎవడు లేస్తాడు? కాబట్టి మనం చేయాల్సిందల్లా ఆ తేల్చుకునే పని తీసేయడం. ఉత్సాహం దాని వెనకాల అదే వస్తాది, ముందు రాదు, దాని కోసం కూర్చుంటే సంక్రాంతి కూడా వెళ్ళిపోతాది.

మొదటి పని: ఊరికే ఉండండి

స్ప్రింట్ చేసుంటే (750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు) ఒక వారం. ఒలింపిక్ దూరం, అంటే 1.5, 40, 10 అయితే పది రోజులు. అంతకంటే పొడుగైన హాఫ్ ఐరన్‌మ్యాన్‌తోనే మొదలుపెట్టిన మొండోళ్ళకి రెండు వారాలు, తగ్గేది లేదు. నడవండి, నిద్రపోండి, చేపల పులుసు తినండి. పొద్దున లేవంగానే నాడి చూసుకోండి, మామూలు కంటే బాగా ఎక్కువ కొట్టుకుంటుంటే ఇంకొన్నాళ్ళు ఆగండి. మెట్లెక్కినా ఆయాసం వస్తుంటే హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చూసేది), థైరాయిడ్ టెస్టులు చేయించుకోండి, ఐరన్ తగ్గినోడికి మోటివేషన్ వీడియోలు పెట్టి లాభం లేదు. ఇంకోటి, రెండు వారాలు దాటినా ఏదీ సంతోషంగా అనిపించక, తిండీ నిద్రా పోయి దిగులుగానే ఉంటే అది వ్యాయామంతో తేలే సంగతి కాదు, డాక్టర్ దగ్గరికి పోండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

సామాను

దీనికి పెద్ద కథ లేదు. సముద్రం ఒడ్డున రేసు చేసొచ్చుంటే ఉప్పుగాలికి చైన్ ఎర్రగా తుప్పు పట్టుంటాది, పాత టూత్ బ్రష్‌తో కిరోసిన్ పెట్టి రుద్ది, తుడిచి, ఆయిల్ వేయండి. సీటు కింద, హెల్మెట్ మీద అంటించిన రేసు నంబర్ స్టిక్కర్లు పీకేయండి, జిగురు పోకపోతే కొబ్బరినూనె రాస్తే వస్తాది. అవి నెలల తరబడి ఉంచుకుని తిరిగేవాళ్ళని చూస్తుంటా, నాకు నచ్చదు, ఆ రేసు అయిపోయింది కదా. లైట్లు పెట్టించుకోండి, ముందు తెల్లది, వెనక ఎర్రది. అంతే.

వారానికి ఒక్క రోజు, ఒక్క టైము

ఆదివారం సాయంత్రం నాలుగింటికి. పొద్దున నాలుగున్నర అలారమే గొప్ప అనేవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళ మాట ఈ నెల వినొద్దు. ఆ అలారం మోగితే చాలు మీ ఒంటికి పాత ట్రైనింగ్ అంతా గుర్తొచ్చి ముడుచుకుంటాది. పైగా సాయంత్రమే ఎందుకంటే గాలి, దాని సంగతి కింద చెప్తా.

తోడు ఒకరు ఉండాలి, ట్రయాథ్లాన్ మొహం చూడనోళ్ళయితే ఇంకా మేలు. బావమరిదో, పక్కింటి పిల్లోడో, గేర్లు లేని సైకిలైనా పర్లేదు. వాళ్ళు గేటు దగ్గర బెల్లు కొడుతుంటే మీరు ఇంట్లో కూర్చుని తేల్చుకునేది ఏమీ ఉండదు. రేసు ఫ్రెండ్స్‌ని మాత్రం పిలవొద్దు, ఇద్దరు కలిస్తే రెండో కిలోమీటరుకే పోటీ మొదలవుతాది.

చెడగొట్టేది ఇక్కడే: మొదటి మూడు నాలుగు సార్లు

దీన్ని నిదానంగా చదవండి.

వాచీ ఇంట్లో పెట్టి పోండి. జేబులో ఫోన్ ఉండొచ్చు, యాప్ మాత్రం ఆన్ చేయొద్దు. ఎందుకంటే వ్యాయామం ఆపిన కొద్ది రోజులకే రక్తంలో ప్లాస్మా, అంటే నీటి భాగం, తగ్గుతాది, ఒక్కో దెబ్బకి గుండె పంపే రక్తం తగ్గి అదే స్పీడుకి గుండె ఎక్కువ సార్లు కొట్టుకోవాల్సొస్తాది. రెండో వారం నుంచి వీఓటూ మ్యాక్స్, అంటే ఒళ్ళు ఎక్కువలో ఎక్కువ ఎంత ఆక్సిజన్ వాడుకోగలదనే లెక్క, అది కూడా జారడం మొదలవుతాది. ఇది అందరికీ జరిగేదే, కొన్ని వారాల్లో తిరిగొస్తాది, భయపడే పని లేదు. కానీ వాచీకి మీ బాధ తెలీదు కదా, ఫిట్‌నెస్ పడిపోయిందని ఎర్ర బాణం చూపిస్తాది. అది చూసినోడు రెండిట్లో ఒకటి చేస్తాడు, ఛీ అని ఇంటికన్నా పోతాడు, లేదా దాని సంగతి చూస్తానని లాగి పరిగెత్తుతాడు. రెండోదే ఎక్కువ ప్రమాదం. ఒంగోలులో బ్యాంకులో చేసే ఒక తమ్ముడు, వద్దురా అన్నా వినకుండా కొత్తపట్నం రోడ్డు మీద మొదటి రోజే పాత రేసు స్పీడు అందుకోబోయి పిక్క పట్టేసుకుని, ఎడం కాలి బూటు చేత్తో పట్టుకుని షేర్ ఆటోలో ఇల్లు చేరాడు. ఆ తర్వాత నెలపైన బూటే కట్టలా.

అందుకే మొదటి మూడు సార్లు సైకిలే, పరుగు వద్దు. పరుగులో పడే ప్రతి అడుగూ పిక్క మీద, మడమ నరం మీద దెబ్బే, ఊపిరి ముందు సర్దుకున్నా అవి అంత తొందరగా సర్దుకోవు. ముప్పావు గంట దాటొద్దు. పక్కనోడితో ఆగకుండా మాట్లాడగలగాలి, మాట మధ్యలో ఊపిరి తీసుకోవాల్సొచ్చిందంటే స్పీడు ఎక్కువైందని లెక్క.

ఇప్పుడు గాలి. మన తీరంలో మధ్యాహ్నం తర్వాత సముద్రం మీదనుంచి గాలి తిరుగుతాది. నెల్లూరు నుంచి సముద్రం వైపు మైపాడు రోడ్డు పట్టారంటే పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు అదే గాలి వీపు మీద చెయ్యేసి తోస్తాది. ఒంగోలోళ్ళకి కొత్తపట్నం రోడ్డూ అంతే. మైపాడు దాకా పోవాలని రూలేం లేదు, ఇందుకూరుపేట రాకముందే తిప్పేయండి. కష్టం ముందు, సుఖం చివర, ఇది తిరగబడకూడదు. 2016లో ఎక్కెకాకిస్ అనే వ్యాయామ పరిశోధకుడి టీమ్ ఇదే పరీక్షించింది, కొందరితో తేలిగ్గా మొదలై కష్టంగా ముగిసే సైక్లింగ్, ఇంకొందరితో కష్టంగా మొదలై తేలిగ్గా ముగిసేది చేయించారు. చివర తేలికైనది చేసినోళ్ళే తర్వాత తలుచుకున్నప్పుడు కూడా ఎక్కువ బాగుందన్నారు, మళ్ళీ చేసినా బాగుంటుందనుకున్నారు. మనకి కావాల్సింది ఆ తలుచుకోవడమే, వచ్చే ఆదివారం మిమ్మల్ని గేటు దాటించేది అదే. కానీ మనోళ్ళు ఏం చేస్తారు, చివరి కిలోమీటరు నిలబడి తొక్కి, ఇంటి ముందు వంగి దగ్గుతూ దిగుతారు. చూసిన ఇంట్లోవాళ్ళు కూడా "ఎందుకొచ్చిన తంటా" అంటారు, మీకూ అదే నిజమనిపిస్తాది.

ఇంకొంచెం పోదామా అనిపించిన చోట ఆపేయాలి. వినేదానికి చిన్న మాటే గానీ నేను చూసినోళ్ళలో దీన్ని పాటించినోళ్ళు బో తక్కువ. కాళ్ళు వేడెక్కుతాయి, గుంటల దగ్గర రొయ్యల వాసన దాటి పొలాల గాలి తగులుతాది, ఇంకో అయిదు కిలోమీటర్లు అని మనసు లాగుతాది, వెనక్కి తిప్పేయండి. ఆ మిగిలిన అయిదు కిలోమీటర్ల కోరిక వారమంతా మీతోనే ఉంటాది. తీర్చేశారంటే సోమవారం కాళ్ళు పీకుతాయి, కథ మళ్ళీ మొదటికి. దిగినాక కారం దోసె తినండి, పోయేముందు తినొద్దు, నా లెక్కలో అది నేరం.

"ఇంకో పెద్ద రేసుకి డబ్బు కట్టేయ్, భయంతో అదే లేస్తావ్" అని సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు. ఆకలి లేనోడి ముందు పెళ్ళి భోజనం వడ్డించినట్టుంటాది అది. గోవాలో 2019లో మొదలైన హాఫ్ ఐరన్‌మ్యాన్ పేరు చెప్పగానే మనోళ్ళకి ఊపొస్తాది, 1.9 కిలోమీటర్ల ఈత, 90 సైకిల్, 21.1 పరుగు. ఫీజు కట్టిన రాత్రి భలే ఉంటాది. రెండు వారాలకి ఆ ప్లాన్ కాగితం చూస్తేనే కడుపులో తిప్పుతాది, వారానికి ఒక రోజే కదలలేనోడు ఆరు రోజులు ఎట్టా కదులుతాడు?

ఆ తర్వాత

రెండో నెలలో వారానికి రెండు రోజులు చేయండి, తర్వాత మూడు. ఇప్పుడు పరుగు కలపొచ్చు, నరసింహకొండ ఎక్కి దిగొచ్చు, వాచీ కూడా పెట్టుకోవచ్చు. ఒక రోజు మాత్రం కాస్త గట్టిగా చేయాలి. 1980ల్లో రాబర్ట్ హిక్సన్ అనే వ్యాయామ పరిశోధకుడు చేసిన ప్రయోగాల్లో వారానికి ఆరు రోజుల ట్రైనింగ్‌ని రెండు రోజులకి తగ్గించినా, గట్టితనం తగ్గించకుండా చేసినోళ్ళకి వీఓటూ మ్యాక్స్ 15 వారాలు నిలబడింది. రోజులు తగ్గితే పోయేది తక్కువ, గట్టితనం తగ్గితేనే జారుతాది.

ఈత ఆఖరున. పూల్‌కి పోయి బట్టలు మార్చి, తల ఆరబెట్టుకుని వచ్చే తంటా మనసు కుదురుకున్నాకే. పూల్ దొరకలేదని మైపాడులో ఒక్కరే దిగొద్దు, అక్కడ సముద్రం లోపలికి లాగే నీటి ప్రవాహం ముందు ట్రయాథ్లాన్ మెడల్ పనిచేయదు.

అక్టోబర్, నవంబర్‌లో రేసు చేసొస్తే ఆపైన మనకి వాయుగుండాల కాలం. వాన పడే ఆదివారం కూడా నాలుగింటికి బూట్లు కట్టుకుని మేడమెట్లు పదిసార్లు ఎక్కి దిగండి, ఆ టైము ఖాళీగా వదలొద్దు.

రిజిస్ట్రేషన్ మాటెత్తేది వారానికి మూడు రోజులు నెలపాటు తప్పకుండా చేశాకే. అప్పుడైనా రేసు తేదీ నుంచి పదహారు వారాలు వెనక్కి లెక్కేసి చూడండి. అందులో రోహిణీ కార్తె పడిందంటే, నెల్లూరు ఎండలో ఆ లాంగ్ రైడ్లు ఎన్నింటికి మొదలుపెట్టాలో ఇంట్లోవాళ్ళతో మాట్లాడుకుని, అప్పుడు ఫీజు కట్టండి.