వైట్ మెటల్ విమానం మోడల్‌కి గుంటలుంటే పారేయకండి

పాత వైట్ మెటల్ కిట్లలో, ముఖ్యంగా చిన్న స్కేల్ స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం లాంటివాటిలో, రెక్క మీద గుంటలు, అచ్చు రెండు ముక్కలు కలిసిన చోట గీత, వంగిన తోక కనిపిస్తే చాలామంది పక్కన పెట్టేస్తారు, కానీ ఇవన్నీ సరిచేయొచ్చు. ఈ లోహం తగరం, సీసం, యాంటిమొనీ లాంటివి కలిపింది, మెత్తన. వంగినదాన్ని వేళ్లతో కొంచెం కొంచెంగా నొక్కాలి, అటూ ఇటూ వంచితే విరుగుతుంది. గీతని బ్లేడుతో గీకి ఆకురాయి పట్టండి. ఆకురాయికి ముందు సుద్దముక్క రుద్దితే పళ్లలో లోహం ఇరుక్కోదు, ఇది నిజంగా పనిచేస్తుంది.

గుంటలకి ఎం-సీల్ లాంటి ఎపాక్సీ పుట్టీ చాలు. పూర్తిగా గట్టిపడ్డాక వాటర్ పేపర్‌తో తడిగానే రుద్దండి. సీసం ఉండొచ్చు కాబట్టి పొడి లేవకూడదు, మాస్క్ పెట్టుకోండి, చేతులు కడుక్కోకుండా ఏమీ తినొద్దు, పిల్లల్ని దూరంగా ఉంచండి.

రెక్కలు బరువు కదా, ఉత్త జిగురు మీద వదిలేయకండి, రెండు వైపులా సన్నటి రంధ్రం చేసి ఇత్తడి తీగ ముక్క దూర్చి ఎపాక్సీతో అతికించండి. మామూలు సోల్డరింగ్ ఐరన్ మాత్రం తగిలించొద్దు, భాగమే కరిగిపోతుంది. సోల్డర్ చేయాల్సిందే అంటే 70 డిగ్రీల దగ్గర కరిగే రకం, వేడి తగ్గించుకునే ఐరన్ కావాలి.

చివర్లో గిన్నెల సబ్బుతో కడిగి, ఆరాక లోహానికి పట్టే ప్రైమర్ పల్చగా కొట్టండి. మిగిలిన లోపాలు అప్పుడే బయటపడతాయి, వాటిని సరిచేశాకే రంగు.